రెండు వాడల సర్పంచి

మొన్న మీర్‌పేట్‌లోని మా బిడ్డ ఇంటికని ఇబ్రహీంపట్నంలో బస్సెక్కితే, అదృష్టమో ఖర్మో గానీ సరిగ్గా డ్రైవరు వెనక సీటు దొరికింది. ఈ వయసులో కిటికీకి తల ఆనించి ఓ కునుకు తీయాలి కదా, నేను మాత్రం బొంగులూరు దాటి తుర్కయాంజాల్ వచ్చేదాకా ఆ డ్రైవరు చేతులే చూస్తూ కూర్చున్నాను. అతను గేరు మార్చినప్పుడల్లా నా ఎడమకాలు తనంతట తానే క్లచ్ తొక్కుతుంటే, పక్కనున్న ఆవిడ తన సంచీ దగ్గరికి లాక్కుని నన్ను అదోలా చూసింది. ఏం చెప్పను ఆమెకు? ఆ సీటు నాదమ్మా, ఊరంతా ఒక్కటై నన్ను అందులో కూర్చోనివ్వకుండా సర్పంచి కుర్చీలో కూర్చోబెట్టింది అంటే నమ్ముతుందా?

మా నాయన ఊరికి ముల్లా. మన కాలం వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది, అప్పట్లో మా దిక్కు పల్లెల్లో హిందువుల ఇళ్లలో మేకను కోసినా ముల్లాను పిలిచి హలాల్ చేయించేవారు, ఊర్లో ఉన్న నాలుగు సాయిబుల ఇళ్లవాళ్లు కూడా బంతిలో కూర్చుని తినాలి కదా అని. నాయనకు మోకాళ్లు పట్టేశాక ఆ కత్తి నా చేతికొచ్చింది. మామూలు రోజుల్లో కంకర లారీ నడిపేవాణ్ణి, పండుగ వస్తే కత్తి పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాణ్ణి. నా మనసంతా మాత్రం సర్కారు బస్సు మీద ఉండేది. ఖాకీ బట్టలు, నెల తిరగ్గానే జీతం, అన్నిటికీ మించి ఊరు దాటి రోజూ వంద ఊళ్లు చూసే బతుకు. పరీక్షలో బస్సు నడిపి చూపించాను, తీసుకున్నారు కూడా. ఇక చేరడమే తరువాయి.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. మా ఊర్లో పైవాడకూ కిందివాడకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పైవాడ పెద్దమనిషిని నేను కాకా అని, కిందివాడ పెద్దమనిషిని మామా అని పిలిచేవాణ్ణి గానీ, వాళ్లిద్దరూ ఒకరినొకరు పలకరించుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇటువాణ్ణి అటువాళ్లు ఒప్పుకోరు, అటువాణ్ణి ఇటువాళ్లు ఒప్పుకోరు. తెల్లవార్లూ తిట్టుకుని, అలసిపోయి, చివరికి కాక నా వైపు చూపించాడు. “గీ పిలగాడు మనోడు గాదు, ఆళ్లోడు గాదు. అందరిండ్లల్ల మేక కోసేటోడు. గీన్నే చేద్దాం” అన్నాడు. మామ కూడా తలూపాడు. వాళ్లు ఒక్క మాట మీదికి రావడం ఊరికి అదే మొదటిసారి, చప్పట్లే చప్పట్లు. నువ్వేమంటావురా అని నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నేను నోరు తెరవబోతే నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అన్నాడు: “ఇన్నేండ్లు ఊరు మనల్ని కడుపుల పెట్టుకున్నది బిడ్డా. గియ్యాల ఊరు నోరు దెరిచి అడిగితే లేదని ఎట్లంటం? నాలుగిండ్లోళ్లం మనం.”

ఆ చెయ్యి నా మణికట్టు మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది. అలా బస్సు పోయింది, నేను సర్పంచినయ్యాను.

అబ్బో, ఏం సర్పంచిగిరీ అది! కాక ఇంట్లో చాయ తాగితే కడుపు నిండినా సరే మామ ఇంట్లోనూ తాగాలి. పైవాడలో వీధిదీపం మార్చిన రోజే కిందివాడలోనూ మార్చాలి, అది బాగానే వెలుగుతున్నా సరే. దసరా నాడు మొదటి మేక ఒక ఏడు పైవాడది, మరుసటేడు కిందివాడది, ఈ వరస తప్పానంటే ఊరు రెండు ముక్కలే. పట్నం నుంచి పార్టీవాళ్లొస్తే ఇంకో తమాషా. తలకు తువాలు చుట్టుకుని తిరిగేవాణ్ణి నేను, వేదిక మీదికి మాత్రం టోపీ పెట్టుకుని రమ్మనేవారు. ఫోటోలో నాలాంటివాడు ఒకడు కనబడాలట. మైకు మాత్రం నా దాకా వచ్చేది కాదు. మా ఖబరస్తాన్‌కు గోడ లేక గేదెలు సమాధుల మీద తిరుగుతుండేవి, నాయన చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అయినా ఆ గోడ పని నేను ముట్టుకోలేదు, సర్పంచి కాగానే తన వాళ్లకే చేసుకున్నాడంటారని భయం. “నువ్వు సర్పంచివా, ఊరికి జీతగానివా?” అనేది నా భార్య. 

గడువు ముగిసే ఏడు మళ్లీ డ్రైవర్లను తీసుకుంటున్నారని తెలిసింది. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. ఊరేమో మళ్లీ నన్నే సర్పంచిని చేస్తానంటోంది, ఈసారి ఎలాగైనా తప్పించుకోవాలని నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఆ దసరాకు మొదటి మేక కిందివాడది. నేను తెల్లారగానే లేచి, కత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా తిన్నగా పైవాడకు పోయాను. కిందివాడ మండిపోతుంది, మామ తన మనిషిని నిలబెడతాడు, నేను బయటపడతాను అనుకున్నాను. మేకకు దండ వేసి కిందివాడ ఎదురుచూస్తోంది. ఆ పూట ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనానికి నేను లోలోపల ఎంత సంబరపడ్డానో!

మూడో రోజు పొద్దున్నే ఖబరస్తాన్ దిక్కు నుంచి రాళ్ల చప్పుడు. పరుగెత్తుకుంటూ పోయి చూద్దును కదా, కిందివాడ మొగవాళ్లంతా అక్కడే ఉన్నారు. మామ లుంగీ ఎగగట్టి స్వయంగా సిమెంటు కలుపుతున్నాడు. నన్ను చూసి, “తప్పు మాదే సర్పంచ్ సాబ్, నీ మనసుల గింత బాధున్నదని ఎరుకలేకపాయె. నువ్వు నోరిడిచి అడిగెటోనివి గాదు. మేకను ఇడిచిపెట్టినప్పుడు సమజైంది” అన్నాడు. నేను అలిగాననుకున్నారు, గోడ కోసం అలిగాననుకున్నారు! మధ్యాహ్నానికి సంగతి పైవాడకు తెలిసి, మేమేం తక్కువ తిన్నామని కాక బండి మీద ఇనుప గేటు తెచ్చి దింపాడు. రెండు వాడలవాళ్లూ కలిసి దాన్ని బిగించారు. నాయన కర్ర పట్టుకుని ఆ గేటు ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిట్టి ఆపితే తెంచుకుని పోయేవాణ్ణేమో. ఇంత ప్రేమ చేస్తే ఎటు పోతాను, చెప్పండి? ఆ గోడ పూర్తయ్యేసరికి నా బస్సు వెళ్లిపోయింది. అటు తరువాత కుర్చీలో ఉన్నా లేకపోయినా ఊరికి నేనే సర్పంచి. ఆ తరువాతి ఏడు నాయనను ఆ గోడ లోపలే పెట్టుకున్నాం.

కాక పోయాడు, మామ పోయాడు. ఒకప్పుడు గట్టు తగాదాలతో నన్ను నిద్రపోనివ్వని భూములన్నీ ప్లాట్లయ్యాయి. రెండు వాడల మనవలూ తుర్కయాంజాల్‌లో ఒకే అపార్ట్‌మెంటులో పైనా కిందా ఉంటున్నారట, ఇప్పుడు బాగానే పలకరించుకుంటారట. ఊరిని మున్సిపాలిటీలో కలిపారు, పంచాయతీ బోర్డు ఎవరో పీకేశారు. మాంసం కావాలంటే దుకాణంలో తెచ్చుకుంటున్నారు. కిందటి దసరాకు అలవాటు కొద్దీ తెల్లవారుజామునే కత్తి నూరి అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కరూ పిలవలేదు. నన్ను వదిలిపెట్టండిరా బాబూ అని జీవితమంతా మొక్కుకున్న మనిషిని, ఆ పూట ఎందుకంత ఏడుపొచ్చిందో నాకే తెలియదు.

మొన్న బిడ్డ ఇంటి నుంచి తిరిగొస్తుంటే సాయంత్రం బస్సులో కూడా ముందు సీటే దొరికింది. మా ఊరి దగ్గరికి రాగానే ఆపమన్నాను. డ్రైవరు కుర్రవాడు రోడ్డు పక్కన పెద్ద కమాను వైపు చూసి, “ఈడ ఊరేడుంది పెద్దాయనా, అంతా వెంచరే గద?” అన్నాడు. ఉంది నాయనా, నువ్వు ఆపు అన్నాను. నేను దిగేదాకా పాపం ఓపిగ్గా ఆగాడు. బస్సు కదిలిపోయేదాకా నిలబడి చూశాను. తరువాత ఊరి జాడ కోసం చుట్టూ చూస్తే, ప్లాట్ల రాళ్ల మధ్య నాకు తెలిసింది ఆ గోడ ఒక్కటే కనబడింది. దాన్ని చేత్తో తడుముకుంటూ ఇంటికి నడిచాను.