పిన్ని మొదటి సర్వ్‌లెట్

"రేపటికల్లా ఇది తెరుచుకోకపోతే నన్ను టోకెన్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టేస్తారే!"

ఆదివారం పొద్దున్నే, చంకలో ల్యాప్‌టాప్‌తో, చెప్పులైనా విప్పకుండా, గుమ్మంలోంచే పిన్ని అన్న మాట అది. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి రికార్డు గది ఆమెదే. ఇప్పుడు ఆ కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. ఆ పని చేసే బృందంలో చేరాలంటే ఓ చిన్న పరీక్ష: జావా అనే ప్రోగ్రామింగ్ భాషనీ, టామ్‌క్యాట్ అనే సర్వర్‌నీ కంప్యూటర్‌లో సొంతంగా పెట్టుకుని, ఒక సర్వ్‌లెట్ రాసి, బ్రౌజర్‌లో ఒక్క వాక్యం చూపించాలి. సర్వ్‌లెట్ అంటే బ్రౌజర్ అడిగినదానికి సర్వర్ వైపు నుంచి జవాబిచ్చే ప్రోగ్రాం.

"నువ్వు ఫిజిక్స్ చదివావుగా, చెప్పు."

"ఫిజిక్స్‌కీ దీనికీ ఏం సంబంధం పిన్నీ?"

"రెండూ నాకు అర్థం కావు. అదే సంబంధం."

మా చంటిదాన్ని ఒళ్లో వేసుకుని నేనూ కూర్చున్నాను. జావా ఎక్కింది. టామ్‌క్యాట్ లేచింది. దాని మొదటి పేజీ కనిపించగానే పిన్ని కుర్చీలోంచి లేచిపోయింది.

"ఒసేయ్, ఇది మనింట్లోంచే వచ్చిందా?"

ఆ కేకకు చంటిది ఉలిక్కిపడి, వెంటనే కిలకిలా నవ్వింది.

పిన్ని రాసిన సర్వ్‌లెట్ మాత్రం రాలేదు. 404 అంది, అంటే అడిగింది దొరకలేదని. నాకు కంగారెక్కువ. పోర్టు నంబరు మార్చాను, జావా ఎక్కడుందో చెప్పే దారి మార్చాను, ఇంకా ఏవేవో నొక్కాను. దాంతో ఉన్న మొదటి పేజీ కూడా పోయింది.

"ఏమేం మార్చావే?"

"అన్నీ గుర్తులేవు పిన్నీ."

"బాగుంది సంబడం! మా గదిలో అయితే నిన్ను గడప తొక్కనివ్వను."

రికార్డు గదిలో ఫైలు తీస్తే దాని చోట చీటీ పెట్టాలట, ఎవరు, ఎందుకు తీశారో. పిన్ని పాత క్యాలెండర్ చింపి చీటీలు చేసింది. నాకు గుర్తున్నవాటిలో ఒక్కటి వెనక్కి మార్చడం, చీటీ గోడకు అంటించడం, సర్వర్ ఆపి మళ్లీ లేపడం. మూడో చీటీకి మొదటి పేజీ తిరిగొచ్చింది! ఆ ఊపులో ఫోల్డర్లన్నీ తెరిచి, పరీక్షకిచ్చిన పాఠంలోని బొమ్మతో వేలుపెట్టి పోల్చింది.

"ఇదిగో! ఫైలు ఉందే. పెట్టిన అరే తప్పు."

క్లాసెస్ అనే ఫోల్డర్ లోపల ఉండాల్సిన సర్వ్‌లెట్ ఫైలును మొదట్లోనే నేను బయట పెట్టేశాను. పిన్ని దాన్ని జరిపింది, చీటీ రాసింది, సర్వర్ లేపింది. తెల్లటి పేజీ మీద ఆమె రాసిన వాక్యం: "రికార్డు గది మాట్లాడుతోంది." ఇద్దరం చంటిదాన్ని ఎత్తుకుని గదంతా గిర్రున తిరిగాం.

సోమవారం మధ్యాహ్నం పిన్ని నుంచి ఫోనొచ్చింది. "టోకెన్ల కిటికీకి వేరే మనిషిని వెతుక్కోమను!"

నేనూ ఎగిరి గంతేసి, ఆ సంబరంలోనే మనసులోది కక్కేశాను. చంటిదాని బుగ్గ మీద ఎర్రటి పొక్కులు. డాక్టరు భయం లేదన్నా ఊరుకోలేక సబ్బు, నూనె, దుప్పటి అన్నీ ఒకేరోజు మార్చేశాను.

"మళ్లీ మొదలెట్టావూ! దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో ఎలా తెలుస్తుందే? ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చింది రాసిపెట్టు. ఏమైందో చూసి రెండోదాని జోలికెళ్లు."

ఈరోజు సబ్బు ఒక్కటే వెనక్కి మార్చాను. చీటీ అద్దం పక్కన అంటించాను.