నడిచొచ్చిన ర్యాక్

ఆరడుగుల ఇనుప పెట్టె ఒకటి తనంతట తాను నడిచి, నా పరువుతో పాటు ఇంకొకరి కొలువును కూడా వీధిన పడేయబోయిన కథ ఇది. నవ్వదలచుకున్నవాళ్లు మొహమాటపడక్కర్లేదు, మా ఇంట్లోవాళ్లు ఎప్పుడో నవ్వేశారు.

తెలంగాణ ఉద్యమం రోజులు. మాది కోరుట్ల. జగిత్యాలలో కంప్యూటర్ షాపులో కొత్తగా చేరాను. సిరిసిల్లలో లింగయ్య సేటు బట్టల ఆఫీసుకు నెట్‌వర్క్ పెట్టే పని నాకు అప్పగించారు. స్విచ్చులు, మోడెమ్ బిగించడానికి ర్యాక్ కావాలి. షాపులో రెండున్నాయి. ఒకటి గోడకు కొట్టేది, కరెంటు మీటరు డబ్బా అంత. రెండోది ఆరడుగులది, గాజు తలుపు, కింద నాలుగు చక్రాలు. సేటు ముందు ఏది పెడితే నేను గొప్పవాడిలా కనిపిస్తానో మీరే చెప్పండి.

"గీ చక్రాలెందుకు తమ్మీ?" అన్నాడు సేటు.

"రేపు ఎటన్న జరుపాలంటె సులువైతది సేటూ."

మర్నాడే ఫోను. "ఇంటర్నెట్ పోయింది, జల్ది రా." వెళ్లి చూస్తే ర్యాక్ గోడకు జానెడు దూరంలో ఉంది, వైరు ఊడింది. వెనక్కి నెట్టి వచ్చాను. రెండు రోజులకు మళ్లీ అదే. మూడోసారి జానెడు కాస్తా మూరెడైంది.

ఎవరు జరుపుతున్నారు? ఆ గదిలోకి వెళ్లేది ఊడ్చే రాజవ్వ ఒక్కతే. నా బుర్రకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

"ఊడ్సేటప్పుడు జరుపుతున్నవా అవ్వా?"

"నేనెందుకు జరుపుత సారూ? దాన్ని ముట్టుకుంటె షాక్ కొడ్తదేమోనని నాకే బుగులు."

నేను నమ్మలేదు, సేటుకు చెప్పేశాను. "గట్లయితె రేపటిసంది రావద్దని చెప్త," అన్నాడాయన. ఆ జీతం మీదే రాజవ్వ ఇల్లు నడుస్తుంది. గుమ్మం దగ్గర అంతా విన్న ఆమె మొహం చూసి నాకు భయం వేసింది. "ఒక్కరోజు ఆగుండ్రి, కండ్లార సూసి చెప్త," అన్నాను.

తెల్లారి బంద్. బస్సుల్లేవు. బండి మీద బయల్దేరి, రెండు రాస్తారోకోల దగ్గర ఆగి, వాళ్లతో పాటు నినాదాలిచ్చి సిరిసిల్ల చేరాను. బంద్ అయినా సేటు నా కోసం ఆఫీసు తెరిపించాడు. ర్యాక్ ఎదుట కుర్చీ వేసుకుని పొద్దంతా కాపలా కూర్చున్నాను. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"సూసిండ్రా సేటూ, నేనుంటె కదల్లె," అన్నాను, దొంగను పట్టుకున్న పోలీసులా.

గుమ్మంలోంచి రాజవ్వ అంది, "ఇయ్యాల బందు సారూ. పక్క షెడ్డుల సాంచాలు సుత బందున్నయి."

సిరిసిల్లలో సాంచాలంటే మరమగ్గాలు. గోడ అవతలే సేటుగారివి ఇరవై ఉన్నాయి. ఆ చప్పుడు వింటూనే నేను అన్నిసార్లు వచ్చి పోయాను మరి.

మర్నాడు సాంచాలు మొదలయ్యాక రాజవ్వ గ్లాసెడు నీళ్లు తెచ్చి ర్యాక్ పక్కన నేల మీద పెట్టింది. నీళ్లు వణికాయి. నేల కాస్త వాలు కూడా. మేం ముగ్గురం చూస్తుండగానే ర్యాక్ వణుక్కుంటూ వేలెడు ముందుకొచ్చింది. ఆ చక్రాలకు కాలితో నొక్కే బ్రేకులుంటాయి. అవి అందానికి పెట్టారనుకున్నాను.

"జరుపుడు సులువైతదన్నవు గద తమ్మీ," అన్నాడు సేటు. "జెర ఎక్కువనే సులువైంది."

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయింది అవ్వా," అన్నాను.

"అయితె అయింది గని, ముందుగాల గా చక్రాలు పీకెయ్," అంది రాజవ్వ. ఆమె కొలువు నిలిచింది, ర్యాక్ కూడా నిలిచింది.

సిరిసిల్ల సాంచాల సాక్షిగా నా ప్రమాణం ఇది: చక్రాలున్న ర్యాక్‌ను ఇక కన్నెత్తి చూడను, నేలను చూడకుండా మనిషి మీద నింద వేయను. ఇప్పటికీ ఏ కొత్త ఆఫీసుకు వెళ్లినా ముందు గ్లాసెడు నీళ్లడుగుతాను. పాపం, వాళ్లు నాకు దాహమనుకుంటారు.