స్వరజ్ఞానం పేపర్లో సున్నా

వట్లూరులో మా కాలేజీ సంగీత విభాగంలో స్వరజ్ఞానం అని ఒక పేపరు ఉంది. శ్రుతిపెట్టె మోగుతుంటే నేను కీబోర్డు మీద ఐదు స్వరాలు నొక్కుతాను, పిల్లలు అవేమిటో రాయాలి. ఏటా అవే ఐదు, అదే వరసలో. వరస మార్చే ఓపిక మా హెడ్డుగారికి లేదు, మార్చమని అడిగే సిగ్గు నాకూ లేదు. పిల్లలు సీనియర్ల దగ్గర వరస బట్టీపట్టి వచ్చి, నేను నొక్కుతుంటే కళ్లు మూసుకుని మహా విద్వాంసుల్లా తలలాడిస్తారు. ఆ తలలాడింపు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మొన్నటేడు పదకొండు మంది రాశారు. పదిమందికి ఐదుకు ఐదు. కలిదిండి నుంచి వచ్చే అమ్మాయికి సున్నా. చర్చిలో పాడే పిల్ల, రొయ్యల చెరువు గట్టున నీళ్లు చిలికే ఏరియేటర్ల మోతకు షడ్జమం కలుపుకుని సాధన చేసే పిల్ల. ఈ పేపరు సప్లిమెంటరీలోనూ పోతే ఆమెకు ఏడాది పోతుంది.

ఆమె రాసిన ఐదూ సరిగ్గా ఒక్కో మెట్టు కిందున్నాయి. పంచమం ఉండాల్సిన చోట దాని కిందుండే ప్రతి మధ్యమం. అనుమానమొచ్చి కీబోర్డు చూశాను. ముందురోజు కాలేజీ ఫంక్షన్లో ముఖ్య అతిథి భార్య పాటకని దాని శ్రుతి ఒక మెట్టు దించారు, మళ్లీ పెంచలేదు; శ్రుతిపెట్టె మాత్రం పాత శ్రుతిలోనే మోగింది. గదిలో పన్నెండు జతల చెవులుంటే, విన్నది ఆమె ఒక్కతే. పీహెచ్‌డీ చేసి తాడేపల్లిగూడెంలో శాలువా కప్పించుకున్న నాకు కూడా వినబడలేదు.

హెడ్డుగారికి చెప్పాను.

"ఏవండీ, పదిమంది కరెక్టుగానే రాశారు కదండీ! ఒక్కమ్మాయి కోసం మళ్లీ పరీక్ష పెడితే మన పరువేం కానండీ?"

పరువట! నేను మార్కుల జాబితా మీద సంతకం పెట్టాను.

మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"నేను తప్పు విన్నానాండీ, మేడమ్?"

"ఇంకా సాధన చెయ్యాలమ్మా" అన్నాను. ఏమాత్రం తడబడకుండా అన్నాను.

"అలాగేనండీ" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

సప్లిమెంటరీకి కీబోర్డు ముందే సరిచూసుకున్నాను. ఈసారి ఆమె పక్కన, జ్వరమొచ్చి మొదటి పరీక్షకు రాని అమ్మాయి కూర్చుంది. నేను మొదటి స్వరం నొక్కాను. కలిదిండి అమ్మాయి పెన్ను ఎత్తి ఆగింది. పక్కనమ్మాయి కాగితంలోకి తొంగిచూసింది. అప్పుడు రాసింది.

ఐదుకు ఐదు వచ్చాయి.