సార్‌ది పకాయింపు

ఇంటర్ పిల్లలకు తొమ్మిదేళ్లు కెమిస్ట్రీ చెప్పాను, గెస్ట్ లెక్చరర్‌గా. గెస్ట్ అంటే ఏటేటా పిలిస్తేనే వెళ్లాలి, పిలవకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఆ ఏడు మలక్‌పేట కాలేజీలో పిల్లలెవరో ఫిర్యాదుల డబ్బాలో చీటీ వేశారు: "సార్ మస్తు పకాయిస్తడు." అంటే విసిగించి చంపుతానని! ప్రిన్సిపాల్ దాన్ని స్టాఫ్ రూములో అందరి ముందూ చదివాడు. "రేపు పది గంటల క్లాసుల వెనక బెంచీ మీద కూసుంట. అది చూసినంకనే వచ్చే ఏడాది సంగతి" అన్నాడు.

పాఠం వల్కనైజేషన్. పచ్చి రబ్బరు ఎండకు బంకలా అవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. దానికి గంధకం కలిపి తగినంత వేడిలో తగినంత సేపు ఉంచితే, లోపల జారిపోతూ ఉండే పొడుగాటి అణువుల మధ్య అడ్డంగా ముడులు పడతాయి. ఇక ఎంత లాగినా తెగదు, వదిలితే మళ్లీ తన తీరుకు వస్తుంది. ఇందులో విసుగేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పావు తక్కువ తొమ్మిదికే బయల్దేరాను. లాల్‌దర్వాజాలో మా సందు దాటకముందే నా పాత స్కూటర్ వెనక చక్రం పంక్చరైంది. మూల మీద పంక్చర్ దుకాణం పెద్దాయన ట్యూబ్ విప్పి, చిల్లు చుట్టూ గీకి, పచ్చి రబ్బరు ముక్క అంటించి, కరెంటుతో కాలే ఇనుప పలకల మధ్య బిగించాడు.

"ఇర్వై నిమిషాలు సార్" అన్నాడు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు కదా! గంధకం సంగతంతా ఆయనకు చెప్పాను. "గట్లనా సార్" అని ఆవలించాడు. ఇంతలో ఒక ఆటో డ్రైవర్ గాలి కోసం వచ్చి, "ఖాళీనా అన్నా?" అని అడిగాడు.

"ఏడ ఖాళీ భాయ్! సార్‌ది పకాయింపు నడుస్తుంది, జర ఆగు" అన్నాడు పెద్దాయన.

ఆటో ఆయన నా వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చీటీ సంగతి ఇక్కడిదాకా వచ్చిందా?

"తీసెయ్! ఉన్నదున్నట్టు తీసెయ్!"

"పది నిమిషాలే అయింది సార్. ఇంక కచ్చా ఉంది."

"నాకే కెమిస్ట్రీ చెప్తున్నవా?"

"మీ బండి, మీ ఇష్టం" అని చక్రం బిగించి గాలి కొట్టాడు.

మాదన్నపేట కూరగాయల బజారు దగ్గర ట్యూబ్ బుస్సుమంది. నడిరోడ్డు మీద చెమటలు కక్కుతూ నిలబడ్డాక నా బుర్రకు వెలిగింది. ఉర్దూలో పకానా అంటే వండటం. పెద్దాయన పలకల మధ్య ఉడుకుతున్న నా రబ్బరు సంగతి చెప్పాడు, నా సంగతి కాదు. నేను తొమ్మిదేళ్లు బోర్డు నిండా రాసిన పాఠం ఆయన నోట్లో ఒక్క ముక్క, అది నాకే అర్థం కాలేదు! ఆ పది నిమిషాలు ఆగినా పదిలోపే కాలేజీలో ఉండేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

అరగంట తోసి, చేతగాక, స్కూటర్‌ను ఉల్లిగడ్డలమ్మే ఆమెకు అప్పజెప్పి ఆటో ఎక్కాను. చేరేసరికి పదీ ఇరవై. ఉద్యోగం అడగడానికి దరఖాస్తు పట్టుకొచ్చిన ఒకాయన నా క్లాసులో పాఠం చెబుతున్నాడు. పిల్లలు నవ్వుతున్నారు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూడా నవ్వుతున్నాడు. నన్ను చూసి బయటికొచ్చాడు.

"టైముకు మీరు రాకపోతె ఈయన్ని పంపిన. మంచిగ చెప్తుండు. వచ్చే ఏడాదికి ఈయన్నే అనుకుంటున్నం. ఏమనుకోకండి సార్."

పంక్చర్ కథంతా చెప్పబోయాను. ఆయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఎండలో స్కూటర్ తోసుకుంటూ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. "తప్పు నాదే, మాఫ్ చెయ్యన్నా" అన్నాను. "అరె, ఛోడో సార్" అని ట్యూబ్ మళ్లీ పలకల మధ్య పెట్టాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

కొంతసేపటికి, "పది నిమిషాలైంది. తీయాల్నా సార్?" అని అడిగాడు. వెటకారం కాదు పాపం, నిజంగానే అడిగాడు.

"పూరా కానియ్యన్నా" అన్నాను. "నేను పోయేది ఏడికీ లేదు."