మొన్నటి డైనోసార్

పెరట్లో నాన్న కట్టిన బట్టల తాడును చూస్తే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే ఊళ్లో మా చిన్నప్పటి బడి మైదానం గుర్తొస్తుంది. భూమి వయసు తెలియడానికి టీచర్ అక్కడ పొడవాటి తాడు పరిచింది. ఒక కొస భూమి పుట్టుక, రెండో కొస ఈరోజు. నాకు డైనోసార్ బొమ్మ ఇచ్చి, అది ఉండాల్సిన చోట తాడు మీద పెట్టమంది.

ముందురోజే నాన్న, "ఎర్త్ ఏజ్‌తో పోలిస్తే డైనోసార్లు మొన్నటిదాకా ఉన్నట్టేరా కన్నా" అన్నాడు. మొన్నంటే నిన్నటికి ముందురోజే అనుకుని, బొమ్మను ఈరోజు కొస పక్కనే పెట్టాను. అంత పాత జంతువు అక్కడేంటని పిల్లలు నవ్వారు. టీచర్ నవ్వలేదు. "నియర్లీ స్పాట్ ఆన్" అంది, దాదాపు సరైన చోటే పెట్టానని.

నాన్న పోయి చాలా ఏళ్లయింది.

"మొన్నటిదాకా మీ నాన్నే బట్టలు ఆరేసేవారు" అంటుంది అమ్మ, చీర దులుపుతూ.

నేను సరిదిద్దను. మొన్నంటే ఎంత దూరమో నాకిప్పుడు తెలుసు.