పూజలో పెట్టిన డిస్కులు

2023 దసరా. కడపలో నేను దుకాణం తెరిచి అప్పటికే చాలా ఏళ్లయింది. పేరుకు కంప్యూటర్ రిపేరు షాపే గానీ నానా రకాల పనులూ చేస్తుంటాను. సీసీ కెమెరాలు బిగిస్తాను, నర్సింగ్ హోములకు నెట్‌వర్కు తీగలు లాగుతాను, మేడ మీద గదికి వైఫై అందడం లేదంటే నిచ్చెన ఎక్కుతాను. ఈమధ్య వీటికి తోడు ఇళ్లలో నాస్ పెట్టెలు పెట్టడం కూడా వచ్చి చేరింది.

నాస్ అంటే చెప్పుల డబ్బా అంత ఉండే పెట్టె. లోపల రెండు హార్డ్ డిస్కులు ఉంటాయి. రౌటరుకు తగిలిస్తే ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఫైళ్లు అన్నీ దాంట్లో చేరతాయి. వేరే ఊళ్లో ఉన్నా ఇంటర్నెట్ ద్వారా తెరిచి చూసుకోవచ్చు. దాన్ని రిమోట్ యాక్సెస్ అంటాం. రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు ఉండేలా అమర్చడం మిర్రర్. ఒకటి చచ్చిపోతే రెండోది పని నడిపిస్తుంది. చచ్చినదాన్ని తీసి కొత్తది పెడితే, బతికున్న డిస్కులోంచి సరుకంతా పెట్టె తనంతట తానే కొత్తదానికి ఎక్కిస్తుంది. అది రీబిల్డ్. మా పనిలో గుండె గుప్పిట్లో పెట్టుకునేది ఆ కాసేపే. ఆ సమయంలో సరుకు ఒక్క డిస్కులోనే ఉంటుంది. ఆ డిస్కేమో మొదటిదానితో పాటు కొన్నది, దానంత ముసలిది.

ఒంటిమిట్ట దాటాక లోపలికి ఒక చేనేత ఊరుంది. అక్కడ సుబ్బరాయుడనే జకార్డు డిజైనరు ఉండేవాడు. చీర కొంగు మీద నెమలి రావాలంటే ముందు ఆ నెమలిని కంప్యూటర్లో గళ్లగళ్లుగా గీయాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టి, అట్టల దండను మగ్గం మీదికి ఎక్కిస్తారు. సుబ్బరాయుడు గీసేవాడు. అతని బామ్మర్ది రామాంజి ఎమ్మిగనూరులో అట్టలు కొట్టే మిషను పెట్టుకున్నాడు. వీళ్లకు పెన్‌డ్రైవులు బస్సులో పంపుకునే బాధ తప్పించడానికి నాస్ పెట్టింది నేనే. ఇక్కడ గీస్తే అక్కడ రామాంజి తెరిచి అట్టలు కొట్టుకునేవాడు.

పెట్టె పెట్టిన మరుసటి ఏడే సుబ్బరాయుడు గుండెపోటుతో పోయాడు. నలభై ఏళ్లు కూడా లేవు మనిషికి. అతని భార్య లక్ష్మీదేవి ఏడుస్తూ కూర్చోలేదు. ఆయన గీసిపెట్టిన డిజైన్లనే తీసి, ఒకదాని అంచు ఇంకోదాని కొంగుకు కలిపి, రంగులు మార్చి, ఊళ్లో మగ్గాలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అత్త ఓబులమ్మ, ఇద్దరే. ఆ పెట్టెలో ఉన్నదే వాళ్ల అన్నం. ఓబులమ్మకైతే అంతకన్నా ఎక్కువ. కొడుకు చేత్తో చేసింది ఇంకెక్కడా మిగల్లేదు.

అష్టమి రోజు లక్ష్మీదేవి ఫోన్ చేసింది.

"అన్నా, డబ్బాకు ఎర్రలైటు పడినాది. కుయ్ కుయ్‌మని అరుస్తాండాది. నాకు శానా భయంగా ఉండాది."

కొత్త డిస్కు సంచిలో వేసుకుని బండి మీద వెళ్లాను. నేను పని చేస్తున్నంతసేపూ ఓబులమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని చూసింది. మీట నొక్కి చచ్చిన డిస్కును ట్రేతో సహా బయటికి లాగాను. అందులో కొత్తది బిగించి లోపలికి తోశాను. రీబిల్డ్ మొదలై పచ్చలైటు మినుకుమినుకుమంటోంది.

"ఈ లైటు మినకడం మానేసి కదలకుండా నిలబడాల. అంతవరకు దీన్ని ఎవురూ ఆపగూడదు. ఎల్లుండి దాకా పట్టొచ్చు" అని ఇద్దరికీ చెప్పాను. చాలదన్నట్టు ఒక కాగితం మీద 'ఆపవద్దు' అని రాసి పెట్టెకు అంటించాను. ఇంకేం చేయాలి మనిషి!

మర్నాడు నవమి. పొద్దున షాపులో దుమ్ము దులుపుతుంటే రామాంజి ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, డబ్బా కనపడల్యా. రాత్రి దాకా వచ్చినాది."

"కరెంటు పోయిందేమోప్పా."

"కరెంటు ఉండాది. అవ్వ ఆపేసిందంట. అక్క ఏడుస్తాంది. స్విచ్చేయండి, నేను ఈడ్నుంచి సరిచేస్తా అంటే అవ్వ ముట్టనీకుండా ఉండాది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపేసినందుకు కాదు. రీబిల్డ్ మధ్యలో ఆగితే చాలాసార్లు మళ్లీ మొదలవుతుంది. రామాంజి ఎక్కడో కూర్చుని సరిచేస్తాననేసరికి భయం పట్టుకుంది. సగం రాసిన డిస్కును చూసి పెట్టె ఒక్కోసారి 'కొత్తగా సిద్ధం చేయమంటారా' అని అడుగుతుంది. అవునని ఒక్కసారి నొక్కితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కంగారులో ఉన్నవాడు ఏది అడిగినా అవుననే నొక్కుతాడు.

"రామాంజీ, నీకు దండం పెడతా. నువ్వు దేన్నీ ముట్టొద్దు. నేను పోతాండా" అని చెప్పి, షట్టరు సగం దించి బయల్దేరాను. ఒంటిమిట్ట రాముడి గుడి దగ్గర పండగ జనంలో బండి కదల్లేదు. హారను కొడితే ఒకాయన తిరిగి "యాడికప్పా అంత తొందర, రాముడు యాడికీ పోడులే" అన్నాడు. నవ్వు రాలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే సాంబ్రాణి వాసన. మగ్గానికి పసుపు రాసి, పూలదండ కట్టారు. మగ్గం ముందు పీట మీద అరటాకు పరిచి, దాని మీద పోగు లాగే నాడెలు, కత్తెర, తిరగలి పిడి వరుసగా పెట్టారు. వాటి పక్కనే నా డిస్కులు రెండు. ట్రేలతో సహా. ఒక్కోదానికి నిలువునా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పైన బంతి రెక్కలు. ఖాళీ పెట్టె గోడవారన నోరు తెరుచుకుని ఉంది. 'ఆపవద్దు' కాగితానికి కూడా బొట్టు పెట్టారు.

నేను గబగబా పీట దగ్గరికి పోయాను.

"ఏందవ్వా ఇది?"

"ఆయుధ పూజ గదా నాయనా. మనకు అన్నం పెట్టేదేదైనా ఈ పొద్దు దానికి ఇరామం ఇయ్యాల. నీ డబ్బా పాపం రాత్రంతా మినకతానే ఉండాది. నిద్దరే పోలేదు. మెయిన్ ఆపేస్తి."

"ఆపొద్దని చెప్పినా గదా!"

"చెప్పినావులే. అది మామూలు దినాలకనుకొంటి. నవమి పొద్దు గూడా అని నువ్వు చెప్పలేదే."

లక్ష్మీదేవి ఓబట్ల కోసం పప్పు రుబ్బుతూ వంటింట్లో ఉండగా జరిగిపోయిందట ఇదంతా.

"డిస్కులు ఎట్ల తీసినావవ్వా?"

"నిన్న నువ్వు తీస్తాంటే చూస్తి గదా. ఆ మీట నొక్కితే నాడె మాదిరి ఈవలికొచ్చె. మగ్గానికి బొట్టు పెట్టి నాడెను ఇడిచిపెడతామా ఏంది? దాన్ని ఈవలికి తీసి, కడిగి, బొట్టు పెడతాం. ఇదీ అంతే గదా."

"కడిగినావా?"

"కరెంటు సామాను ఎవురన్నా కడుగుతారా? నాకా మాత్రం తెలీదా? తడిగుడ్డతో తుడిస్తి."

అప్పుడు కోపం తన్నుకొచ్చింది. నా నోరు మంచిది కాదు, మా ఆవిడ ఎప్పుడూ అదే అంటుంది. పెద్దావిడ అని కూడా చూడకుండా అనేశాను.

"అవ్వా, ఈ రెంటిలో ఒకటి కొత్తది. దాంట్లో ఏమీ సరిగా ఎక్కలేదు. నీ కొడుకు గీసిందంతా ఒక్క దాంట్లోనే ఉండాది. దానికి తడి తగిల్నా, కుంకం లోపలికి పోయినా, ఇంగ లేదు. ఇంగ యాడా లేదు. తెలుసునా?"

ఓబులమ్మ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. పీట వైపు చూసింది, కోడలి వైపు చూసింది. నాకు నా మీదే అసహ్యం వేసింది.

డిస్కుల మీదికి వంగాను. పాతదేదో, కొత్తదేదో పోల్చుకోవాలి. తయారైన తేదీ లేబులు మీద ఉంటుంది. సరిగ్గా ఆ లేబులు మీదే పసుపు దట్టంగా పూసింది. చెయ్యి చాచాను.

"ముట్టొద్దు నాయనా" అంది ఓబులమ్మ. మాట గట్టిగానే వచ్చింది. "పూజలో పెట్టినదాన్ని రేపు మల్లా పూజ చేసి నేనే తీసియ్యాల. ఒక తప్పు చేసినా. దాని మీద ఇంకో తప్పు చేయలేను. నా బిడ్డ సొమ్ము అది."

లక్ష్మీదేవి నా వైపు చూసింది, ఏమంటానోనని. లాక్కోవచ్చు. నన్ను ఆపే బలం ఆ పెద్దావిడకు లేదు కూడా. కానీ పొద్దున రామాంజి స్విచ్చు వేయమన్నప్పుడు అడ్డం నిలబడింది ఈవిడే. ఈ మొండితనమే లేకపోతే ఈపాటికి ఏమయ్యేదో. పైగా తడి ఉంటే ఒక రోజు ఆరడం మంచిదే. గుడ్డిలో మెల్ల అనుకున్నాను.

"సరే అవ్వా. రేపే తీసియ్యి" అన్నాను.

మాట ఇచ్చేశానే గానీ ఆ రోజంతా ఏమీ చేయలేక నలిగిపోయాను. ఆ పసుపు గంధం చేసినట్టు చిక్కగా కలిపిందా, పల్చగానా? డిస్కు కింద ఒక పలక ఉంటుంది, దాని మీద సన్నని చిప్పులు ఉంటాయి. తుడిచిన గుడ్డ అటువైపు తగిలిందా? మా ఇంట్లో పండగ వంటేమీ లేదు, పక్కింటివాళ్లు ఓబట్లు పంపారు. తిన్నానే గానీ రుచి తెలియలేదు. "రేపు ఆపరేషను నీకా, డిస్కుకా?" అంది మా ఆవిడ.

విజయదశమి పొద్దున వెళ్లేసరికి ఓబులమ్మ స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని సిద్ధంగా ఉంది. టెంకాయ కొట్టి హారతి ఇచ్చింది. తర్వాత డిస్కులు ఒక్కొక్కటీ రెండు చేతులా తీసి నా చేతుల్లో పెట్టింది. ముందురోజు నుంచి ఆవిడ మెతుకు ముట్టలేదని కోడలు చెప్పింది.

మెత్తటి బ్రష్షుతో ముందు లేబుళ్లు తుడిచాను. పాతదేదో తెలిసింది. కింద పలక చూశాను. ఒక మూల కుంకుమ రేణువులు ఉన్నాయి గానీ తడి లేదు. కనెక్టరు గాడిలో కొంచెం పసుపు గట్టిపడింది. ఊపిరి బిగబట్టి, పుల్లతో గీకి, కాంటాక్టు క్లీనరు కొట్టి, ఆరబెట్టాను.

పాత డిస్కును పెట్టెలో పెట్టలేదు. మా పనిలో మొదటి నియమం అది. అనుమానం ఉన్న డిస్కుతో పని చేయించకూడదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు వేరే డిస్కుకు నకలు తీయాలి, దాన్ని క్లోన్ అంటాం. ఏ మరమ్మతు చేసినా ఆ నకలు మీదే చేయాలి. నాతో తెచ్చుకున్న ఖాళీ డిస్కును పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌కు రెండూ తగిలించి మొదలుపెట్టాను. పాతది తిరిగిన చప్పుడు వినపడగానే లక్ష్మీదేవి కొంగుతో మొహం తుడుచుకుంది.

సగం దాటింది. ముప్పాతిక దాటింది. అక్కడ ఆగింది. డిస్కు లోపల టక్కు టక్కుమని చప్పుడు. లోపల సరుకు చదివే తల ఒకేచోటికి మళ్లీ మళ్లీ పోయి చదవలేక వెనక్కి వస్తోందన్నమాట.

"అది ఏమంటాంది నాయనా?" అని ఓబులమ్మ అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అడుగుతాంటే చెప్పల్యాక పోతాంది అవ్వా. ఆ జాగా వదిలేసి ముందుకు పొమ్మంటాండా. మల్ల వెనక్కొచ్చి అడుగుదాం."

ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రోగ్రాము ఆ చోటు దాటేసింది. ఎంత నకలైందో చూపించే గీత తెర మీద మళ్లీ కదిలింది. మిగిలినదంతా వచ్చాక, వెనక్కి తిప్పి ఆ వదిలేసిన చోట్లు అడిగించాను. రెండోసారీ చెప్పలేదు. మూడోసారి చెప్పింది.

నకలు డిస్కును తెరిచి ల్యాప్‌టాప్‌ను లక్ష్మీదేవి వైపు తిప్పాను. ఆమె ఒక్కో ఫైలూ తెరుస్తూ పోయింది. హంసలు, రుద్రాక్ష అంచులు, మామిడి పిందెలు, కొంగు నిండా నెమళ్లు. ఒకచోట ఆగి, "ఇదిగో అత్తా, ఇది నీ కోసం గీసింది. నువ్వే రంగు బాగలేదంటివి" అంది. ఓబులమ్మ తెర మీద గళ్లను వేలితో తడుముతూ ఏడ్చేసింది. నేను డిస్కు చూస్తున్నట్టు తల దించుకున్నాను.

తర్వాత రెండు కొత్త డిస్కులతో పెట్టెను మళ్లీ నిలబెట్టాను. అలాంటిదే ఇంకో పెట్టె ఎమ్మిగనూరులో రామాంజి ఇంట్లో పెట్టించి, ఇక్కడ గీసింది అక్కడికీ చేరేలా అమర్చాను. ఎన్ని డిస్కులున్నా ఒకే పెట్టెలో, ఒకే ఇంట్లో ఉంటే అది బ్యాకప్ కాదు. రెండూ ఒకే చేత్తో పోతాయి. అది ప్రేమతో చాచిన చెయ్యైనా సరే. ఈ సంగతంతా వాళ్లకు అర్థమయ్యేలా విడమర్చి చెప్పాను.

అంతా విని ఓబులమ్మ అడిగింది. "అట్లయితే ఇంగ ఇది సావదా?"

"సస్తాది అవ్వా. డిస్కన్నాక ఏదో ఒక పొద్దు సచ్చేదే. అందుకే బతికుండంగానే ఇంకోటి ఇంకోచోట పెట్టుకునేది."

ఆవిడ తలూపింది. గోడకున్న కొడుకు ఫొటో వైపు చూసింది.

"మనిషికి ఆ వసతి ల్యాకపాయె గదా నాయనా" అంది.

ఇప్పుడు ఎవరింట్లో నాస్ పెట్టినా, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని మీ పండగలేవి, ఆ రోజు ఏది ఆపుతారు, ఏది కడుగుతారు అని ముందే అడుగుతాను. కొందరు నవ్వుతారు. రెండో ఇంట్లో ఇంకో కాపీ పెట్టుకోమన్నప్పుడు మాత్రం, అంత అవసరమా, రెండు డిస్కులు ఉన్నాయి కదా అని చాలామంది బేరమాడతారు. వాళ్లతో మిర్రర్ గురించీ క్లోన్ గురించీ వాదించడం మానేశాను. ఓబులమ్మ అన్న మాట చెప్పి ఊరుకుంటాను. ఆ తర్వాత ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.