ఇరుసు మేస్త్రి బిగించిన ఏడు లాకర్లు

పదకొండుసార్లు విప్పి, పన్నెండోసారి గెలిచాడు. అదీ ఇరుసు మేస్త్రి మొదటి విజయం. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. మూడు షెడ్లవాళ్లు చేతులెత్తేసిన కలప లారీ అది, వెనక ఇరుసులోంచి ఒకటే రొద. లోపలి పళ్లచక్రాల దగ్గర పెట్టే పలచని రేకు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ రొద పోదు. పళ్లకి రంగు పూసి, తిప్పి, ఒరిపిడి ముద్ర ఎక్కడ పడిందో చూసి, మళ్లీ విప్పి, మళ్లీ రేకు మార్చి... పన్నెండోసారి ముద్ర సరిగ్గా పంటి నడుమ పడింది. లారీ యజమాని ఊరంతా తిప్పుకొచ్చి, "ఇంజను ఆగిపోయిందేమో అనుకున్నానయ్యా" అన్నాడు. ఆ మాట మేస్త్రి ముప్పై ఎనిమిదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు.

ఆయన చదివింది ఐదో తరగతి. అయినా ఆనకట్ట పనిలో ఇంజనీర్లు పుస్తకం తెరిచేలోపు ఈయన ఇరుసు తెరిచేవాడు. బోరు బండ్లు బాగుచేశాడు. అగ్నిమాపక బండిని ఒక్క పూటలో మళ్లీ రోడ్డెక్కించి, పెద్ద ఆఫీసరు చేత చేయి కలిపించుకున్నాడు. నలభై ఒక్క బండ్లకి, ఇరుసుకున్న రెండు చక్రాల్నీ ఒకటిగా తిప్పే లాకర్లు బిగించాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.

"ఊరి బండ్లన్నీ బాగుచేస్తారు, ఇంట్లో కుళాయి మాత్రం ఏడాదిగా కారుతూనే ఉంది" అనేది భార్య.

"కుళాయికి ఇరుసు లేదే, నేనేం చేయను?"

షెడ్డు వెనక ఆయన తన చేత్తో తవ్వుకున్న గుంట ఉంది. లోతు ఛాతీ దాకా, అడుగున బండరాళ్లు. ఆ గుంట దిగి ఎక్కని బండి షెడ్డు దాటకూడదు. ఇరవై ఏళ్లుగా అదే కట్టుబాటు.

ఎండాకాలం మొదట్లో బామ్మర్ది జీపు తీసుకొచ్చాడు. భార్యకి ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు. కొండమీది రోగుల్ని కిందికి, ఆసుపత్రికి చేర్చడం అతని పని.

"ఏంట్రా, మళ్లీ వాగు బురదలో స్నానం చేయించావా దీనికి?"

"అదే చేసింది బావా. ఒక చక్రం గిరగిరా తిరుగుతుంది, రెండోది మా అక్కలా అలిగి కూర్చుంటుంది."

"వినపడిందిరా!" అంది లోపల్నుంచి అక్క.

జీపు నైజమే అంత. బురదలో పడ్డ చక్రం ఉత్తినే తిరుగుతుంటే, గట్టి నేల మీద ఉన్నదానికి బలం అందదు. లాకర్ పెడితే ఆ రెండూ ఒకటిగా తిరుగుతాయి. అందులో రెండు రకాలు. ఒకటి స్విచ్ నొక్కితే గాలితో బిగుసుకుని, మళ్లీ నొక్కితే వదులయ్యేది. రెండోది దానంతటదే బిగుసుకునేది.

"నాకు స్విచ్‌దే పెట్టు బావా. మా దారికి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో నా చేతిలో ఉండాలి."

"నీ చేతిలోనా? డీజిలు మూత పెట్టడం మర్చిపోయేవాడివి, నీకు స్విచ్ గుర్తుంటుందా? రాయి తగిలి గాలి గొట్టం తెగితే ఆ కొండ మీదికి ఎవడొస్తాడు? దానంతటదే బిగిసేది పెడతా."

"అది కాదు బావా..."

"నలభై ఒక్కటి బిగించాన్రా. నాకు చెబుతావా?"

బామ్మర్ది జీపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. మూడు రోజులు పని చేసి, నాలుగో రోజు మేస్త్రి తనే నడిపి జీపుని గుంటలో దింపాడు. బల్లిలా పాక్కుంటూ పైకొచ్చింది.

"అది పొడి గుంట బావా. నిటారుగా దిగాలి, నిటారుగా ఎక్కాలి. పక్కకి వాలే చోటే లేదు అందులో."

"నా గుంట ఎక్కిన బండి ఎక్కడైనా ఎక్కుతుంది. పోరా."

ఎండాకాలమంతా ఎక్కింది. చూసి, ఆ కొండమీది జీపులవాళ్లు మరో ఆరుగురు వచ్చి అదే లాకర్ బిగించుకుపోయారు. మేస్త్రి ఛాతీ వెడల్పయింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా, జులై మూడో వారంలో మొదలయ్యాయి. వారానికే బామ్మర్ది జీపు లోయలోకి జారింది. రోగి కోసం ఖాళీగా వెళ్తున్నాడు కాబట్టి ప్రాణం పోయినవాళ్లు లేరు. అతని ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. వాన, జారుడు నేల అని పోలీసులు రాసుకున్నారు. ఊళ్లోనూ అదే మాట. మంచం మీద బామ్మర్ది కూడా, "వాన బావా, ఎవరేం చేస్తారు" అన్నాడు.

జీపు జారిన రోజు నుంచి వాన తెరిపిచ్చింది. నాలుగో రోజు మేస్త్రి ఆ చోటికి వెళ్లాడు. దారి లోయవైపు వాలి ఉంది. వెనక చక్రాల గీతలు రెండూ ఒకేలా నునుపుగా, ఒకదాని పక్కన ఒకటి లోయలోకి దిగాయి. ఆయన వంగి రెండు గీతలూ వేలితో తడిమాడు. లాకర్ లేకపోయి ఉంటే ఒక చక్రమే ఉత్తినే తిరిగేది. రెండోది నేలని పట్టుకుని, బండి తోకని నిలిపి ఉండేది. రెండింటినీ కట్టేస్తే రెండూ ఒక్కసారే పట్టు వదిలాయి. బండి ముందుకి పోకుండా పక్కకి జారింది. స్విచ్ ఉంటే బామ్మర్ది అక్కడ వదులు చేసి ఉండేవాడు.

అక్కడే రాయి మీద కూలబడ్డాడు. కలప లారీ, ఆనకట్ట, అగ్నిమాపక బండి, ఆఫీసరు చేయి... అన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాడు. ఒక్కటీ అక్కరకు రాలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గీతలు రేపటి వానకి పోతాయి.

మర్నాడు ఆసుపత్రిలో, మంచం పక్కన నిలబడి చెప్పేశాడు.

"వాన కాదురా. నేను పెట్టిన లాకరే."

బామ్మర్ది మోచేతి మీద లేచి చూశాడు. "నేను అడిగాను బావా" అన్నాడు. తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రి ఎన్నిసార్లు వెళ్లినా ఆ ముఖం గోడవైపే ఉంది.

ఆ సంగతి విన్నాక ఇంట్లో భార్య అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయేది. అయిదో రోజున మాత్రం కంచం ముందు పెట్టి, "అలాంటివి ఇంకా ఆరున్నాయి కదండీ, ఆ కొండ మీద" అంది.

మేస్త్రి ముద్ద కలపకుండానే లేచి ఆ ఆరుగురికీ ఫోన్ చేశాడు.

"మీరే పెట్టి, మీరే తీసేస్తానంటారేంటి మేస్త్రీ? బ్రహ్మాండంగా ఎక్కుతోంది!" అన్నాడొకడు.

"ఎక్కడం గురించి కాదయ్యా. నేను వచ్చేదాకా బండి కదపొద్దు."

"రోగిని మీరు మోస్తారా మరి?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఈ వానలో ఆ బండ్లు కిందికి దిగడమంటే అదే దారిన దిగడం. అందుకని ఆయనే పైకి వెళ్లాలి. లాకర్లు పెట్టినప్పుడు విప్పి దాచిన ఆరు బండ్ల పాత గేర్లూ గోనెసంచుల్లో కట్టాడు. షెడ్డుకి తాళం వేశాడు. యాభై ఏడేళ్ల ఒళ్లు, బురదలో బండి కింద వెల్లకిలా పడుకుని చేయాల్సిన పని.

పోయే ముందు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "వెళ్లొస్తానురా" అన్నాడు. గోడవైపు తిరిగిన తల కదలలేదు.

అక్క తమ్ముడి దుప్పటి సర్దింది. "ఒక్కో బండికి నాలుగు రోజులటరా. నడకతో కలిపి నెల పడుతుందట" అంది.

 అతను అడగకపోయినా ఆవిడే చెప్పింది, మీ బావ సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం తిరిగి వస్తారని.